నీళ్లడగని మొక్కలు

"ఈ కొమ్మ కూడా చచ్చిపోతే ఏం చేద్దామండీ?"

మా ఆయన తలెత్తి నా మొహం చూశారు, తర్వాత నా చేతులు చూశారు. నా చేతుల్లో కొమ్మా లేదు, మట్టీ లేదు.

"ఏ కొమ్మే?"

"నాటబోయే కొమ్మ."

"ఇంకా తేనే లేదు కదా సంపూర్ణా."

"తెచ్చాక చస్తే అని అడుగుతున్నాను."

మామూలు రోజుల్లో అయితే ఆయన నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. వసారా చివర, మా వైపు వీపు పెట్టి కూర్చున్న మా అమ్మాయిని ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "చావనిదే చూసి తెద్దాంలే" అన్నారు.

అంత మాట ఆయన తేలిగ్గా అనేశారు. అది పట్టుకుని నేను నెలల తరబడి తిరిగాను.

మాది ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ మీద ఒక లాకు. మా ఆయన అబ్రహాముగారు ఆ లాకు గుమాస్తా. లాకు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. కాలవ అక్కడ ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది. పడవ ఎగువకి ఎక్కాలన్నా, దిగువకి దిగాలన్నా, రెండు పెద్ద తలుపుల మధ్య ఉన్న రాతి గదిలోకి వచ్చి ఆగాలి. తలుపులు మూసి ఆ గదిలోకి నీళ్లు వదిలితే పడవ పైకి లేస్తుంది, తీసేస్తే కిందికి దిగుతుంది. అరగంట పని. ఆ అరగంటా పడవలో వాళ్లకి చెయ్యడానికి ఏమీ ఉండదు కాబట్టి మా దొడ్లోకి వచ్చి మంచినీళ్లడిగేవారు, కబుర్లు చెప్పేవారు. రాజమండ్రి సంగతులైనా, ద్రాక్షారామం తీర్థం సంగతులైనా మాకు పడవల్లోనే వచ్చేవి.

లోకమంతా వచ్చి పోయే ఆ గదిని చూస్తే నాకు పద్నాలుగేళ్లుగా దడ. మేం అక్కడికి వచ్చేనాటికి ప్రసన్నకుమారికి అయిదేళ్లు. మాకు అది ఒక్కతే బిడ్డ. దాని నడుముకి నా పాత చీర చెంగు కట్టి, రెండో కొస నా నడుముకి ముడేసుకుని వంట చేసేదాన్ని. పడవ వాళ్లు చూసి, "గుమాస్తాగారమ్మ పిల్లని లంగరేసుకుందిరా" అని నవ్వేవారు. నవ్వనీ. ఆ నీళ్లు రోజుకి పదిసార్లు లేచి, పదిసార్లు దిగడం వాళ్లు ఊరికే చూశారు. నేను ప్రతిసారీ లెక్కపెట్టుకున్నాను.

ప్రసన్న చెయ్యి మంచిదని పేరు. మా వైపు కొత్తగా పాదు పెట్టాలంటే చెయ్యి మంచి పిల్లని పిలిచి మొదటి గింజ పెట్టిస్తారు. దీని చెయ్యి పడితే బీర అయినా పొట్ల అయినా పందిరి కూలేలా కాసేది. కుండల పడవ సుబ్బాయమ్మ అయితే అరటి పిలకలు తీసుకెళుతూ, పడవ లాకులో ఆగగానే, "పాపా, ఒక్కసారి ముట్టుకో తల్లీ" అని పిలకలన్నీ దీనిచేత తాకించుకుని వెళ్లేది. చెయ్యి మంచిదీ చెడ్డదీ అనుకోవడం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లకి తగదని పాదిరిగారు గుడిలో గట్టిగానే చెప్పారు. నేను తల ఊపాను. ఇంటికొచ్చి ప్రసన్నచేతనే ఆనప గింజ పెట్టించాను. మిషను బడిలో మూడో క్లాసు దాకా చదివానే గాని, కొన్ని సంగతులు ఆ చదువు కంటే ముందే నాలోకి వచ్చేశాయి.

పదిహేడో ఏట దానికి పెళ్లి చేశాం. అల్లుడు ఆశీర్వాదం దిగువ ఊళ్లో బడి పంతులు, నెమ్మదస్తుడు. ఏడాది తిరిగేసరికి మగపిల్లాడు. ఆ పిల్లాడికి మూడో నెల వచ్చిన శ్రావణంలో ఆ ఊరికి కలరా వచ్చింది. ముందు పిల్లాడు పోయాడు. ఎనిమిదో రోజుకి అల్లుడు పోయాడు. ఇద్దరికీ చివరిదాకా నీళ్లు తాగించింది ప్రసన్నే.

అది దిగువ నుంచి పడవలో వచ్చింది. తలుపులు మూశారు. నేను లాకు గట్టు మీద ఉన్నాను, అది ఎక్కడో లోతున, పడవలో, తల మీద ముసుగుతో. నీళ్లు వదిలారు. ఆ నీళ్లు నా బిడ్డని కొంచెం కొంచెంగా పైకి ఎత్తాయి. ముసుగు కనిపించింది, మొహం కనిపించింది, ఆఖరికి ఖాళీ ఒడి కనిపించింది. అంతకాలం నేను భయపడిన నీళ్లే దాన్ని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాయి.

ఇంటికొచ్చిన మూడో రోజున, లాకు తలుపులు తిప్పే లస్కరు చిట్టియ్య పెళ్లాం తన చంటిదాన్ని ఒక్క క్షణం పట్టుకోమని ప్రసన్నకి అందించబోయింది. ఇది రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.

"వద్దొదినా. నా చెయ్యి మంచిది కాదు."

అది అలా అన్న తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఏడుస్తూ అనలేదు. దూడకి జబ్బు ఉంది, దగ్గరికి రానివ్వకండి అని చెప్పినట్టు చెప్పింది. ఆ మర్నాటి నుంచి దూడని ముట్టుకోవడం మానేసింది, కుండలో పెరుగు తోడెయ్యడం మానేసింది. వసారా చివర కూర్చుని లాకు వైపు చూసేది. దాని చూపు ఎటుంటే నా ప్రాణం అటుండేది.

ఎలాగైనా దాని కళ్ల ముందు ఒకటి బతకాలనుకున్నాను. దాని చేత్తో పెట్టినది బతకాలి. ఆరు నెలలకో ఏడాదికో ఎండిపోయేది కాదు, ఏళ్ల తరబడి నిలిచి ఉండేది. ఎవరు మర్చిపోయినా చావనిది.

సుబ్బాయమ్మ పడవ వచ్చినప్పుడు ఆవిడని దొడ్లో కూర్చోబెట్టి అడిగాను.

"బంతి నారు ఇస్తానమ్మగారూ. ఇట్టే పూస్తుంది" అంది.

"పూశాక?"

"పూశాక ఏముంది, ఎండుతుంది."

"ఎండేది వద్దు."

"చామంతి?"

"దానికి పేను పడుతుంది. ఏటా పిలకలు విడదియ్యాలి."

"పోనీ మల్లె?"

"ఆకు దుయ్యాలి, కొమ్మ కత్తిరించాలి. కత్తిరించడం మర్చిపోతే?"

"తమలపాకు తీగ?"

"బాబోయ్. దానికి ఎండ తగిలినా కోపమే, నీడ ఎక్కువైనా కోపమే."

సుబ్బాయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడింది. "అమ్మగారూ, తమకి మొక్క కావాలా, గుండ్రాయి కావాలా? రాయి అయితే నా పడవలో లంగరుకి కట్టింది ఉంది, ఇచ్చేసి పోతాను."

"నవ్వకు సుబ్బాయమ్మా. ఎండాకాలం కాలవ కట్టేస్తారు, నీళ్లుండవు. ఆ నెలన్నరా అది బతకాలి. మేకలు తినకూడదు. ఏటేటా నాటక్కర్లేకూడదు. మా పిల్ల చేత్తో పెట్టాలి."

ఆఖరి మాట విన్నాక ఆవిడ నవ్వు ఆగిపోయింది. వసారా వైపు ఒకసారి చూసింది.

"అలా చెప్పండి మరి" అంది. "దేవగన్నేరు పెట్టించండి. కోటిపల్లి దగ్గర మా ఎరికలో ఒకరి తోటలో ఎర్రపూలది ఉంది. ఈ చుట్టుపక్కల అంతా తెల్లదే, ఎర్రది లేదు. దాని కొమ్మ కోసి పాలు కారడం ఆగేదాకా వారం రోజులు ఎండలో పడేసి మరీ నాటతారు. అంత మొండిది. దాంతో పాటు మునగ కొమ్మ, కలబంద పిలక, నందివర్ధనం. ఈ నాలుగూ బతకలేదంటే నా పడవ మునిగిందనుకోండి."

"అపశకునం మాటలాడకు, లాకులో ఉన్నావు" అన్నాను.

కార్తీకంలో తెచ్చింది. ప్రసన్న పెట్టనంది. బతిమాలాను. పెట్టనంది. ఏడిచాను.

"నన్నెందుకమ్మా ఇలా చంపుతావు?" అని లేచి వచ్చింది. వసారా పక్కన వరసగా నాలుగు గుంటలు తీసి ఉంచాను. మొహం పక్కకి తిప్పుకుని, చూడకుండానే ఒక్కొక్కటీ దించి మట్టి కప్పింది. తర్వాత చేతులు తోముకుంది. చాలాసేపు తోముకుంది.

నేను మాత్రం ఊరుకోగలనా? కొమ్మ మొండిదే కావచ్చు, ఎండ తగిలి వాడితే? చీమలు పడితే? తెల్లవారగానే ఒక చెంబు పోసేదాన్ని. ప్రసన్న స్నానానికి వెళ్లినప్పుడు ఇంకో చెంబు. మధ్యాహ్నం మట్టి కాస్త పొడిగా కనిపిస్తే మరొకటి. ఎండు పేడ పొడి చేసి వేశాను, చేపలు కడిగిన నీళ్లు పోశాను. సుబ్బాయమ్మ "వారానికి ఒకసారి తడిపితే చాలు" అని చెప్పే వెళ్లింది. పడవ మనిషికి దొడ్డి సంగతి ఏం తెలుసని అనుకున్నాను.

క్రిస్మసు వెళ్లిన వారానికి కలబంద గుజ్జు గుజ్జుగా అయిపోయింది. చిట్టియ్య ఇంటి నుంచి ఇంకో పిలక తెచ్చి, ప్రసన్న చూడకుండా ఆ చోటనే పెట్టాను. మునగ కొమ్మ మెత్తబడి ఒక పక్కకి వాలింది. చేనుగట్టు నుంచి ఇంకో కొమ్మ కొట్టించుకొచ్చి పాతాను. నందివర్ధనం ఆకులు రాల్చేసింది. దానికీ మారు దొరికింది. దేవగన్నేరు దగ్గరే చిక్కు వచ్చి పడింది. కింద నల్లబడి వేలితో నొక్కితే దిగబడుతోంది. ఎర్రది ఎక్కడ నుంచి తేను?

అప్పుడు మా గుడి వెనక సమాధుల దొడ్డి గుర్తొచ్చింది. అక్కడ తెల్ల దేవగన్నేరు ఉంది. ఎవరూ నీళ్లు పొయ్యరు, ఎవరూ పాదు చెయ్యరు, అయినా ఎన్నేళ్లుగానో ఉంది. అంతకంటే మొండిది ఎక్కడ దొరుకుతుంది? ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వెళ్లాక ఒక కొమ్మ విరిచి కొంగులో చుట్టుకున్నాను. పాలు కారి చీరకి మరకలు పడ్డాయి. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. తెలిసే చేశాను. చచ్చిన కొమ్మని పీకి లాకు అవతల గట్టు దిగువకి, కనిపించకుండా విసిరేసి, దాని గుంటలో సమాధుల కొమ్మ పాతాను.

ప్రసన్న రోజూ వసారాలో నుంచి ఆ నాలుగింటినీ చూసేది. చూడనట్టు చూసేది. మునగ చిగురు పెట్టిన రోజు దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడింది. ఆ సాయంత్రం, ఎవరూ చెప్పకుండానే, పాలలో తోడు వేసింది. నేను వంటింట్లోకి పోయి మోకాళ్ల మీద ప్రార్థన చేశాను. అబద్ధానికి స్తోత్రం చెప్పినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మార్చి నెలాఖరులో దేవగన్నేరు పూసింది. ఆకు లేదు, కొమ్మ చివర గుత్తి మాత్రం విచ్చింది. తెల్లగా, మధ్యలో పసుపు.

"సుబ్బాయమ్మ ఎర్రవని కదా చెప్పింది" అంది ప్రసన్న.

"ఒక్కోసారి తెలుపు పూస్తాయేమోనే."

అది వంగి కొమ్మ మొదలు చూసింది. నేను కత్తితో కొయ్యలేదు, చేత్తో విరిచాను. ఆ విరిచిన చీలిక మట్టి పైకే కనిపిస్తోంది.

"ఇది ఎక్కడిదమ్మా?"

అది లేచి పువ్వు దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. ఆ వాసన మా సంఘంలో ఎవరికి తెలియదు? పోయినవాళ్లని మట్టి చెయ్యడానికి వెళ్లిన ప్రతిసారీ పీలుస్తాం.

"సమాధుల దొడ్డిదా?"

"ఊఁ."

"మునగ?"

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

"నేను పెట్టినవి నాలుగూ పోయాయన్నమాట."

"ప్రసన్నా, అది కాదే..."

"సరే" అంది.

ఆ తర్వాత అది నోరు తెరవలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. అన్నం తినేది, అంట్లు తోమేది, ఆదివారం గుడికి వచ్చి నా పక్కనే కూర్చునేది. అందరూ కీర్తన పాడుతుంటే పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవి కదిపేది కాదు. వాళ్ల నాన్న ఏదైనా అడిగితే తల ఊపేది. నేను అడిగితే అదీ లేదు.

"మాట్లాడుతుందిలేవే" అనేవారు ఆయన.

"మాట్లాడకుండానే ఏమైనా చేసుకుంటే?"

"నీ నోటితో అలాంటివి అనకు."

"అనకపోతే జరగవా?"

ఆయన లేచి వెళ్లి లాకు తలుపుల గొలుసులు చూసుకునేవారు.

ఏప్రిల్ ఆఖరున ధవళేశ్వరంలో కాలవలు కట్టేశారు. ఏటా జరిగేదే. పూడికలు తియ్యడానికి, తలుపులు బాగుచెయ్యడానికి నెలన్నర పాటు నీళ్లు ఆపేస్తారు. పడవలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. ఊరి నూతి నుంచి తాగడానికి, వండడానికి బిందెలతో మోసుకోవడమే మాకు గతి. మొక్కలకి పొయ్యడానికి చుక్క మిగలదు. ఆ నాలుగింటి వైపూ నేను చూడడం మానేశాను. చచ్చేవాటిని చూసి ఏం చెయ్యను? అటు వైపు కిటికీ తలుపు కూడా వేసి ఉంచాను.

మే నెల మధ్యలో ఒక రోజు, పదకొండు దాటి ఉంటుంది, అన్నానికి పిలుద్దామని చూస్తే వసారాలో ప్రసన్న లేదు. దొడ్లో లేదు. గదిలో లేదు. చిట్టియ్య ఇంట్లో లేదు.

ఏం ఆలోచించానో నాకు తెలియదు. కాళ్లు లాకు వైపు పరుగెత్తాయి. కాలవలో నీళ్లు లేవన్న సంగతి నా కాళ్లకి తెలియలేదు. గట్టు మీదికి వెళ్లి కిందికి చూశాను.

నీళ్లు లేవు. ఎక్కడో లోతున చిట్టియ్య తలుపు మేకులకి ఆముదం రాస్తున్నాడు. వేలెడంత మనిషిలా ఉన్నాడు.

"అమ్మాయిగారు ఇలా దిగి కాలవలో అటు నడిచారండీ" అని చెయ్యి ఊపాడు. "ఎండలో ఎందుకు తల్లీ అన్నాను. వినిపించుకోలేదు."

పద్నాలుగేళ్లలో నేను ఆ గదిలోకి ఎప్పుడూ దిగలేదు. గోడకి ఇనప మెట్లు ఉన్నాయి. చీర కుచ్చిళ్లు బిగించి, గోడ వైపు మొహం పెట్టి, ఒక్కొక్క మెట్టూ దిగాను. అడుగున కాలు పెట్టి తలెత్తాను. తలెత్తి, అలాగే ఉండిపోయాను.

నేనింతకాలం చూసింది ఆ నీళ్ల పైముఖమే. కింద ఇది ఉందని నాకు తెలియదు. మా గుడి కంటే ఎత్తు గోడలు. మనిషి ఎత్తు రాళ్లు, ఒకదాని మీద ఒకటి, వెంట్రుక దూరనంత దగ్గరగా పేర్చారు. తలుపులు రెండూ ఏళ్ల తరబడి నాని నల్లబడి, ఆకాశాన్ని పట్టుకుని నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాయి. గోడల నిండా పడవల గడలు తగిలిన గీతలు, నలభై ఏళ్ల గీతలు. పైన చిన్న ముక్క ఆకాశం. నా ఊపిరి నాకే వినిపించింది. ఎవరు కట్టారో, ఎన్ని చేతులు మోశాయో. ఇన్నేళ్లూ దీని పైన కూర్చుని బియ్యం ఏరుకున్నాను.

అప్పుడు రాళ్ల సందుల్లో పచ్చగా ఏదో కనిపించింది. దగ్గరికి వెళ్లాను. చిన్న చిన్న ఆకులు, దువ్వెన పళ్లలాంటివి, సన్నని నల్లని కాడలు. ఆ గోడ మీద మట్టి లేదు. రోజుకి పదిసార్లు మునిగి తేలిన చోటు అది. ఇప్పుడేమో వారాల తరబడి నిప్పులాంటి ఎండ. అయినా పచ్చగా ఉన్నాయి.

"ఇవేంటి చిట్టియ్యా?"

"పేరు తెలియదండీ. ఏటా పీకుతాం. ఓవర్సీరుగారు గోడ చెడుతుందంటారు, తిట్టుకుంటా అన్నీ పీకుతాం. మళ్లీ ఏటికి ఇవే వస్తాయండి."

"ఎవరూ పెట్టకుండానే?"

"ఎవరు పెడతారండీ ఇక్కడ" అని నవ్వాడు.

ఒక ఆకుని వేలితో ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ కాస్సేపూ నాకు భయం లేదు. పెళ్లయినప్పటి నుంచి, బిడ్డ పుట్టినప్పటి నుంచి, భయం లేని ఘడియ అంటే అదే అనుకుంటాను.

దిగువ తలుపు తెరిచే ఉంది. అందులోంచి ఎండిన కాలవలోకి వెళ్లాను. మట్టి పెంకులు పెంకులుగా పగిలి, కాలి కింద చప్పుడు చేస్తోంది. వంద గజాల అవతల ప్రసన్న నిలబడి ఉంది. కాలవ నడి మధ్యలో, కొంగు తల మీద వేసుకుని, గట్టు వైపు తలెత్తి చూస్తోంది.

గట్టు కోసుకుపోకుండా అక్కడ వాలుగా రాళ్లు పేర్చి ఉంటాయి. పైనుంచి చూస్తే ఆ వాలు కనపడదు, దిగువ నుంచే కనపడుతుంది. నీళ్లు ఎంత నిండుగా ఉన్నా తాకని ఎత్తున, రెండు రాళ్ల మధ్య, ఒక మోడు కొమ్మ పడి ఉంది. కొమ్మ చివర ఎర్రగా ఒక గుత్తి.

ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. చుట్టూ తెల్లబోయిన రాయి, తెల్లబోయిన ఆకాశం. ఆ ఎండలో కళ్లు తెరవలేకపోతున్నాం. అందులో ఆ పువ్వులు తడిగా, అప్పుడే తుడిచినట్టు ఉన్నాయి. ఒక్క ఆకు లేదు. నేను నాలుగడుగులు ముందుకు వేశాను. కొమ్మ కింది కొస నల్లగా, కుళ్లి ఎండి, గాలిలో వేలాడుతోంది. దానికి జానెడు పైన, నడిమి నుంచి, తెల్లని వేళ్లు నాలుగు పుట్టి రాళ్ల సందులోకి దిగాయి.

నేను విసిరేసిన కొమ్మ. ప్రసన్న చేత్తో పెట్టిన కొమ్మ.

ఎవరూ నీళ్లు పొయ్యలేదు. ఎవరూ పేడ వెయ్యలేదు. చీమలు పట్టాయేమో అని ఎవరూ చూడలేదు. నాలుగు నెలలు రాతి మీద పడి ఉండి, చచ్చిన భాగాన్ని వదిలేసి, బతికిన భాగంతో పూసింది. ఆ పూల వంక చూస్తుంటే నా పనంతా నాకు కనిపించింది. పొద్దున్న చెంబు, స్నానం వేళ చెంబు, మధ్యాహ్నం చెంబు.

చెప్పకుండా ఉండచ్చు. పువ్వు కనిపించింది కదా, చాలు అనుకోవచ్చు. చెబితే ఈసారి నా మొహం కూడా చూడకపోవచ్చు. నీళ్లు వదిలాక పడవెక్కి ఎటైనా వెళ్లిపోవచ్చు. అవన్నీ ఒక్క క్షణంలో నాకు తోచాయి. అయినా నోరు ఆగలేదు.

"ప్రసన్నా. ఇది నువ్వు పెట్టిందే."

అది కదల్లేదు.

"నీ చెయ్యి కాదే. నేనే. రోజుకి మూడు చెంబులు పోశాను. నువ్వు చూడకుండా పోశాను. ఎక్కడ చస్తాయో అని పోశాను. నాలుగూ నేను పోసిన నీళ్లకే కుళ్లిపోయాయి. ఎండితే గట్టిపడేవి, అవి మెత్తబడి పోయాయి. చేత్తో నొక్కి చూసి కూడా నాకు తెలియలేదు. చచ్చిందనుకుని దీన్ని నేనే ఇక్కడికి విసిరాను. నీ చేతిలో ఏమీ లేదమ్మా. ఏమీ లేదు. పిల్లాడి సంగతీ అంతే, అల్లుడి సంగతీ అంతే. ఆ ఊళ్లో ఎంతమంది పోయారో, వాళ్లందరినీ నువ్వే ముట్టుకున్నావా?"

మాటలు అయిపోయాయి. కాలవలో మా ఇద్దరి నీడలూ కాళ్ల కిందే ఉన్నాయి. ప్రసన్న నా వైపు చూడలేదు. రాళ్ల మీద చేతులు ఆనించి, కాలు ఆనించి పైకి ఎక్కింది. జారుతుందని అరవబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొమ్మ దగ్గర కూర్చుంది. చెయ్యి చాపింది, ఆపింది. మళ్లీ చాపి ఆ కొమ్మ మీద అరచెయ్యి ఆనించింది. ఎంతసేపు ఆనించి ఉంచిందో చెప్పలేను. చిట్టియ్య అన్నానికి పైకెక్కి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

ఆ రోజు మాట్లాడలేదు. ఆ వారం మాట్లాడలేదు. నేను ఇంటికి వచ్చి మూసిన కిటికీ తెరిచాను. తెల్లది, మునగ, కలబంద, నందివర్ధనం, నాలుగూ ఉన్నాయి. నీళ్లు లేని నెలలో మునగ నా భుజం దాటింది.

"చెప్పేశావా?" అని అడిగారు ఆయన.

"చెప్పేశాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు."

"చెప్పడానికి నీకెంత ధైర్యం కావాలో నాకు తెలుసే" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో నన్ను ధైర్యం అన్న మాటతో కలిపి ఎవరూ అనలేదు.

జూన్ మొదట్లో ఒక వాన పడింది. ఆ సాయంత్రం ప్రసన్న గునపం తీసుకుని కాలవలోకి దిగింది. వంటింటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక రాయి కదిపినట్టుంది, వేళ్లు తెగకుండా, ఆ కొమ్మని రెండు చేతుల మీదా మోసుకొచ్చింది. తెల్లదాని పక్కన తనే గుంట తీసింది. గుంటలో ఇసుక, చిల్లపెంకులు వేసింది. అది ఎవరు చెప్పారో తెలియదు. పెట్టి, మట్టి కప్పి, లేచింది. ఈసారి మొహం పక్కకి తిప్పుకోలేదు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నా కుడిచెయ్యి చెంబు కోసం తనంతట తనే వెళ్లబోతుంటే ఎడంచేత్తో పట్టుకున్నాను.

ఆ తర్వాత పదో రోజున ధవళేశ్వరంలో నీళ్లు వదిలారు. ముందు చల్లగాలి వచ్చింది. తర్వాత దూరంగా ఆకులు తొక్కుతున్నట్టు చప్పుడు. ఊరంతా గట్టు మీదికి వచ్చింది. ఎర్రటి నీళ్లు నురగ తోసుకుంటూ, ఎండిన బెడ్డలన్నిటినీ మింగుకుంటూ వచ్చాయి. నేను దిగి నడిచిన చోటంతా, ఆ గోడలు, ఆ పచ్చని ఆకులు, అన్నీ కళ్ల ముందే కిందికి పోయాయి. అవి అక్కడే ఉన్నాయని ఇప్పుడు నాకు తెలుసు. పిల్లలు కేకలు పెడుతున్నారు. నేను ఆ నీళ్లకి దణ్ణం పెట్టబోయి, పాదిరిగారు గుర్తొచ్చి, చేతులు జోడించి ఉన్నవి ఉన్నట్టే ప్రార్థనలోకి మార్చుకున్నాను.

మర్నాడు పొద్దున్న మొదటి చెంబు కాలవ నీళ్లు ముంచుకుని దొడ్లోకి వచ్చాను. ప్రసన్న ఆ మొక్క దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. కొమ్మ చివర ఆకు మొన ఒకటి, చిలక ముక్కంత, పైకి వచ్చి ఉంది. చెంబుతో నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఎప్పటిలా వంచెయ్యలేదు. చెంబులో నీళ్లు తొణికి నా కాలి మీదే పడ్డాయి.

"పొయ్యనా వద్దా?" అని అడిగాను.

లాకులోకి మొదటి పడవ వచ్చింది. తలుపులు మూస్తున్న చప్పుడు వినిపించింది. నీళ్లు వదిలారు. పడవ తెరచాప కొయ్య గట్టు మీదికి కొంచెం కొంచెంగా లేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. కొయ్య లేచింది, పడవవాడి తలపాగా లేచింది, ఎగువ తలుపులు తెరిచారు, పడవ వెళ్లిపోయింది. అరగంట. చెంబు బరువుకి నా చెయ్యి లాగేస్తోంది. అయినా కింద పెట్టలేదు, అడిగిన మాట మళ్లీ అడగలేదు.

ప్రసన్న కొమ్మ మొదట్లో మట్టిని వేలితో గుచ్చి చూసింది. ఆ వేలు చీరకి తుడుచుకుంది.

"ఇవాళ వద్దమ్మా" అంది. చాలా రోజులు వాడని గొంతు, బొంగురుగా ఉంది. "ఎల్లుండి చూసి నేను పోస్తాను."